తదితర సంబంధం

నీలాద్రిపేట జిల్లా కేంద్ర గ్రంథాలయంలో గ్రంథపాలకురాలిగా పనిచేస్తున్న గొర్తి హైమవతికి ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ఒక్కటే కోరిక. జిల్లాలోని శాఖా గ్రంథాలయాలన్నిటికీ కలిపి ఒకే వెబ్‌సైటు ఉండాలి. ఏ ఊళ్ళో కూర్చున్నవాళ్ళయినా పుస్తకం పేరు కొడితే అది ఏ ఊరి బీరువాలో ఉందో తెలియాలి. అక్కణ్ణుంచి తెప్పించుకునే వీలుండాలి.

జిల్లాలో పుస్తకాలకు లోటు లేదు. అవి ఎక్కడున్నాయో చెప్పేవాళ్ళే లేరు. శఠగోపాచార్యులు గారని ఒక రిటైరయిన తెలుగు పండితుడు, ఒక డిటెక్టివ్ నవల మొదటి భాగం కేంద్ర గ్రంథాలయంలో చదివేసి, హంతకుడెవరో తెలియకుండానే డెబ్బయ్యో పడిలో పడ్డారు. రెండో భాగం కోసం ఆయన బస్సెక్కి వెళ్ళని శాఖ లేదు. ఒకచోట గ్రంథపాలకుడు సెలవులో ఉండేవాడు. ఒకచోట బీరువా తాళంచెవి పోయేది. ఇంకొకచోట గ్రంథాలయమే పోయి, ఆ గదిలో రేషను బియ్యం బస్తాలు ఉండేవి. వచ్చినప్పుడల్లా ఆయన హైమవతి బల్ల ముందు కూర్చుని, ఈ జన్మలో ఆ దుర్మార్గుడి పేరు వినే యోగం తనకు లేదేమోనని వాపోయేవారు.

హైమవతి పై ఆఫీసుకు రాసి, రాసి, చివరికి ఉమ్మడి వెబ్‌సైటుకు మంజూరు సంపాదించింది. మంజూరుతో పాటు ఒక ఉత్తర్వు కూడా వచ్చింది. అంతకు ముందు ఇంకో జిల్లాలో ఎవరో అధికారి ఇలాంటి పనే బావమరిదికి అప్పగించాడట. అటువంటిది పునరావృతం కాకుండా, "సంస్థతో గానీ గ్రంథాలయాలతో గానీ రక్త, వైవాహిక, వ్యాపార, తదితర సంబంధం కలవారెవ్వరూ ఎంపిక ప్రక్రియలో ఏ దశలోనూ పాల్గొనరాదు" అని ఆ ఉత్తర్వు.

జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శి కుంచే సూర్యారావు ఆ వాక్యాన్ని కళ్ళద్దాలు తుడుచుకుని రెండోసారి చదివాడు. ఆయన రెవెన్యూ నుంచి డెప్యుటేషను మీద వచ్చిన మనిషి. నిజాయితీపరుడు. ఆఫీసు పెన్నుతో సొంత సంతకం కూడా పెట్టడని పేరు.

"రక్త సంబంధం తెలిసిందే. వైవాహికం తెలిసిందే. తదితర అన్నారు చూశారా అమ్మా, అందులో ఉంది ప్రభుత్వం వారి ఆంతర్యం" అన్నాడు.

అది ఊరికే వాక్యం నిండడానికి వేసిన మాటేమో అంది హైమవతి. ప్రభుత్వం ఏ మాటా ఊరికే వేయదని సూర్యారావు చాలా మృదువుగా ఆమెను మందలించాడు.

టెండరు ప్రకటన వెలువడింది. కంపెనీలు బాగానే వచ్చాయి. మొదటి రోజు షేక్ రిజ్వానా అనే అమ్మాయి తన కంపెనీ తరఫున వచ్చి, తయారుచేసిన నమూనా చూపించింది. పుస్తకం పేరులో ఒత్తు తప్పినా, దీర్ఘం మరిచినా అది వెతికి పెడుతోంది. పేరు గుర్తులేక, "అట్ట మీద పడవ బొమ్మ" అని కొట్టినా రెండు మూడు పుస్తకాలు చూపిస్తోంది. వెనక వరసలో కూర్చున్న హైమవతికి లేచి వెళ్ళి ఆ పిల్లను కావలించుకోవాలనిపించింది.

గ్రంథాలయాల గురించి ఇంత బాగా ఎలా తెలుసుకున్నారని సూర్యారావు ఆదరంగా అడిగాడు. ఆ పిల్ల మొహం విప్పారింది. తన చదువంతా ఈ కేంద్ర గ్రంథాలయంలోనే సాగిందని, ఆ మూల కిటికీ పక్క కుర్చీలోనే పోటీ పరీక్షలకు చదివానని, చిన్నప్పటి సభ్యత్వ కార్డు ఇప్పటికీ తన దగ్గర ఉందని చెప్పి, సంచిలోంచి తీసి చూపించింది.

సూర్యారావు ఆ కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, జాగ్రత్తగా తిరిగి ఇచ్చేశాడు.

"బహుధా సంతోషం. కానీ ఇది తదితర సంబంధం కిందికి వస్తుందమ్మా. తమరి దరఖాస్తును పరిగణనలోకి తీసుకోజాలమని తెలియజేయుటకు చింతిస్తున్నాను."

ఆ తర్వాత వచ్చిన కంపెనీవాళ్ళు ఈ ఊరు ఎన్నడూ చూడనివాళ్ళే. కాకపోతే వేరే రాష్ట్రంలో గ్రంథాలయాలకు వెబ్‌సైట్లు చేశారు. అనుభవం అంటే సంబంధమే కదా అని వాళ్ళను పంపేశారు. ఇంకొకాయన ఏ గ్రంథాలయానికీ ఏమీ చేయలేదు గానీ, మాట్లాడుతూ మాట్లాడుతూ చిన్నప్పుడు చందాకట్టి చదివిన పిల్లల పత్రికల కబుర్లలోకి వెళ్ళిపోయాడు. సూర్యారావు కాగితం మీద ఏదో రాసుకుని, ఆయనకు టీ ఇప్పించి సాగనంపాడు.

ఆ ఊపులోనే ఎంపిక సంఘం మీద కూడా ఆయన దృష్టి పడింది. సంఘంలో ఉన్న డిగ్రీ కాలేజీ తెలుగు లెక్చరరు ఒక కవితా సంపుటి అచ్చు వేయించుకున్నాడు. దాని ప్రతులు అన్ని శాఖల్లోనూ కట్టలు విప్పకుండా ఉన్నాయి. ఎవరూ చదవకపోయినా సంబంధం సంబంధమే కాబట్టి ఆయన్ను తొలగించారు. హైమవతి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆమె సంఘానికి కన్వీనరు. తదితర సంబంధం మనిషి రూపం దాల్చి వస్తే హైమవతిలా ఉంటుందని సూర్యారావు ఫైలులో దాదాపు ఆ అర్థం వచ్చేలాగే రాశాడు. ఇకనుంచి సమావేశం జరిగినంతసేపూ ఆమె గది బయట బెంచీ మీద కూర్చోవాలి.

మరి కార్యదర్శి గారి మాటేమిటని ఎవరో అడగకపోలేదు. ఆయన ఆ ప్రశ్నకు సిద్ధంగానే ఉన్నాడు. తాను పదవి చేపట్టిన నాటినుంచీ ఈ సంస్థలో ఒక్క పుస్తకం కూడా తెరవలేదని ధ్రువీకరిస్తూ ఒక కాగితం ఎప్పుడో ఫైలులో పెట్టుకున్నాడు.

కొత్త సంఘానికి మత్స్యశాఖ సహాయ సంచాలకుడు పొన్నమండ రాజబాబును పిలిపించారు. మంచి మనిషి. చెరువు గట్ల మీద తిరిగి తిరిగి నల్లబడినవాడు. మీరు ఆఖరుగా చదివిన పుస్తకమేమిటని సూర్యారావు అడిగితే, ఇంటర్మీడియట్ జువాలజీ గైడని నిజం చెప్పేశాడు.

"పూర్తిగా చదివారా?"

"లేదండి. మధ్యలో మా నాన్నగారు ట్రాక్టరు కొన్నారండి."

సూర్యారావు ఆయన్ను సంఘానికి అధ్యక్షుణ్ణి చేశాడు.

అప్పటికి మిగిలిన దరఖాస్తు ఒక్కటే. ముదునూరి సుబ్బరాజు అనే ఆయనది. చేపల చెరువుల లెక్కలు చూసే సాఫ్ట్‌వేరు చేసి రైతులకు అమ్ముకుంటాడు. టెండరు ప్రకటనలో "జిల్లాలోని అన్ని శాఖలకు" అన్నమాట చూసి, అది మత్స్యశాఖేమో అనుకుని వేశాడు. పొరపాటు తెలిసి దరఖాస్తు వెనక్కి తీసుకుందామని వస్తే, సూర్యారావు ఎదురెళ్ళి కుర్చీ వేశాడు.

గ్రంథాలయంతో ఏమైనా పరిచయం ఉందా అని అడిగారు. తమ ఊళ్ళో ఒకటి ఉండేదని, పక్కనున్న టీకొట్టుకు వెళ్ళినప్పుడు దాని గోడకు సైకిలు ఆనించేవాణ్ణని సుబ్బరాజు చెప్పాడు. సంఘం ఉలిక్కిపడింది. గోడకు సైకిలు ఆనించడం సంబంధమా, కాదా? గోడ గ్రంథాలయంలో భాగమా? సైకిలు సుబ్బరాజులో భాగమా? మధ్యాహ్నమంతా ఇదే చర్చ. ప్రభుత్వ ప్లీడరు అభిప్రాయం తెప్పించారు. సైకిలు గోడకు వెలుపలి వైపు మాత్రమే తగిలిందని, తగిలినది సైకిలు తప్ప వ్యక్తి కాదని, పైగా ఆ సైకిలు తర్వాత దొంగలు ఎత్తుకుపోయారు కాబట్టి ఆ సంబంధం కూడా ప్రస్తుతం మనుగడలో లేదని ఆయన రాసిచ్చాడు. సుబ్బరాజుకు పని ఖాయమైంది.

పని మొదలెట్టాక సుబ్బరాజుకు సహజంగానే ఒక సందేహం వచ్చింది. గ్రంథాలయంలో ఏం జరుగుతుంది? చెప్పగలిగిన వాళ్ళందరికీ సంబంధం ఉంది కాబట్టి ఎవరూ చెప్పకూడదు. బెంచీ మీద కూర్చున్న హైమవతి తలుపు సందులోంచి, పుస్తకం ఇచ్చిన తేదీ, తిరిగి రావలసిన తేదీ రెండూ ఉండాలని అనబోయింది. సూర్యారావు లేచి వచ్చి తలుపు వేశాడు.

"తమరి ఆవేదన నాకు అర్థమవుతుంది. కానీ గ్రంథాలయాల మేలు కోరేవారు గ్రంథాలయాల విషయంలో నిష్పక్షపాతంగా ఉండజాలరు" అని, తలుపు వేసే ముందు ఆయన ఎంతో బాధగానే అన్నాడు.

ఆ సాయంత్రం హైమవతి ఇంటికి వెళ్ళకుండా పుస్తకాల వరసల మధ్య చాలాసేపు ఊరికే నిలబడింది. కోపం వచ్చింది. నవ్వు కూడా వచ్చింది. ఈ రెండింట్లో దేన్ని ఆపుకోవాలో తెలియలేదు.

ఎవరూ ఏమీ చెప్పకపోయేసరికి సుబ్బరాజు తన చెరువుల సాఫ్ట్‌వేరే తెచ్చి, పైన పేరు మార్చి అప్పగించాడు. ప్రారంభోత్సవంలో రాజబాబు మీట నొక్కగానే గోడ మీది తెర నీలంగా వెలిగింది. చెరువు పేరు, చేప రకం, జాతి, బరువు, మేత, వ్యాధి, పట్టుబడి తేదీ అని గడులు వచ్చాయి. ఒక మూల బొచ్చె చేప ఒకటి తోక ఆడిస్తోంది. సభ చప్పట్లు కొట్టింది. పుస్తకాలు ఎక్కడా కనపడటం లేదేమిటని ఒక విలేఖరి అడిగితే, వ్యవస్థ ఎంత నిష్పక్షపాతంగా తయారైందో దాన్నిబట్టే గ్రహించవచ్చునని సూర్యారావు జవాబిచ్చాడు.

ఇక దీన్ని నడిపేదెవరు? గ్రంథాలయ సిబ్బందికి అప్పగించడమంటే సంబంధం ఉన్నవారికి అప్పగించడమే. అందుకని వెబ్‌సైటును మత్స్యశాఖకు దఖలు పరచాలని తీర్మానించారు. ఆ మాట ఎవరో బెంచీ దగ్గరికి వచ్చి చెప్పారు. హైమవతి లేచి, తలుపు తట్టి, లోపలికి వెళ్ళింది. రాకూడదని అందరికీ తెలుసు. కానీ ఆమె నడకలో అంత నెమ్మది ఉండేసరికి ఎవరూ ఆపలేదు.

"ఒక్క సందేహం సార్. ఇప్పుడిది చేపల వెబ్‌సైటు కదండీ. దీన్ని నడిపేవాళ్ళకి చేపలతో తదితర సంబంధం ఉండొచ్చాండీ?"

రాజబాబు గతుక్కుమన్నాడు. ఆ పూట కూడా ఇంట్లో పులసో, కొరమేనో తినే వచ్చాడు కాబోలు. తమ శాఖలో అటెండరు నుంచి తన దాకా చేప తినని వాళ్ళు లేరని, తినకపోతే ఈ శాఖలో ఎవరూ పిల్లనివ్వరని ఒప్పుకున్నాడు.

"నేను శాకాహారినండి. మా ఇంట్లో ఏడు తరాలుగా చేప వాసన తెలీదు. కావాలంటే విచారించుకోండి" అంది హైమవతి.

సూర్యారావు కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళకు ఉత్తర్వును అర్థం చేసుకున్న ఒక మనిషి ఆయనకు దొరికింది. ఆ వారంలోనే హైమవతిని మత్స్యశాఖకు డెప్యుటేషను మీద పంపి, ఉమ్మడి వెబ్‌సైటుకు పూర్తి బాధ్యురాలిని చేశారు. చేపలతో ఎట్టి సంబంధమూ లేకపోవుటను అదనపు అర్హతగా నమోదు చేశారు.

మత్స్యశాఖ ఆఫీసులో ఆమెకు ఎండు రొయ్యల నమూనాల బీరువా పక్కన ఒక బల్ల ఇచ్చారు. హైమవతి ముక్కుకు కొంగు చుట్టుకుని పని మొదలుపెట్టింది. శాఖా గ్రంథాలయాలన్నిటినీ చెరువులుగా నమోదు చేసింది. పుస్తకం పేరును చేప రకం దగ్గర, రచయితను జాతి దగ్గర రాసింది. పేజీకొక గ్రాము చొప్పున బరువు వేసింది. మేత అన్నచోట చరిత్ర, వైద్యం, నవల అని నింపింది. వ్యాధి అన్నచోట చెదలు, చిరుగులు, బైండింగు ఊడుట అని రాసింది. శాఖల్లో ఉన్న గ్రంథపాలకులకు ఫోను చేసి సంగతి చెబితే, మొదట ఆమెకు మతి పోయిందనుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే తమ బీరువాలు తెరిచి, దుమ్ము దులిపి, చేపలను ఎక్కించసాగారు. తాళంచెవి పోయినచోట తాళం బద్దలుకొట్టారు. బియ్యం బస్తాల వెనక కూడా చాలా మంచి చేపలు దొరికాయి.

ఒకరోజు శఠగోపాచార్యులు గారి దగ్గర్నుంచి ఫోను వచ్చింది. తన సెల్లుకు ఏదో సందేశం వచ్చిందట. "మీరు కోరిన చేప గుమ్మలూరు చెరువులో సిద్ధంగా ఉన్నది. బరువు రెండు వందల నలభై గ్రాములు. స్వయంగా వచ్చి పట్టుకొనగలరు" అని ఉందట.

"అమ్మా, నేను తిరునామం పెట్టుకున్న మనిషిని. ఈ వయసులో నామీద ఎవరికమ్మా ఇంత కక్ష?"

అది మీ రెండో భాగమేనండీ, మీ పేరు నేనే ఎక్కించాను అని హైమవతి చెప్పింది. గుమ్మలూరుకు తర్వాతి బస్సు ఎన్నింటికి అని మాత్రం ఆయన అడిగారు. మర్నాడు ఆయనే మళ్ళీ ఫోను చేసి, హంతకుడు తాను మొదటినుంచీ అనుమానించిన వంటవాడు కాదని, ఇన్నేళ్ళూ అన్యాయంగా అతన్ని తిట్టుకున్నానని చెప్పి, గొంతు తగ్గించి, అదే జాతిలో ఇంకా చేపలేమైనా ఉన్నాయా అని అడిగారు.

జనం త్వరగానే అలవాటు పడిపోయారు. బస్టాండులో కాలేజీ పిల్లలు నీ చేప ఎంతవరకు వచ్చిందంటే నీది ఎంతవరకు వచ్చిందని ఒకరినొకరు అడగసాగారు. ఒక్క చిక్కు మాత్రం హైమవతి ఊహించలేదు. మత్స్యశాఖ వెబ్‌సైటు కావడంతో అందులోని లెక్కలన్నీ నెలనెలా వాటంతటవే రాజధానిలోని మత్స్యశాఖ ప్రధాన కార్యాలయానికి వెళ్ళిపోతున్నాయి.

అక్కడ జాయింట్ డైరెక్టరు బడేటి విశ్వేశ్వరం ఆ లెక్కలు చూసి నిర్ఘాంతపోయాడు. నీలాద్రిపేట జిల్లాలో పట్టిన ప్రతి చేపా పక్షం రోజుల్లో ప్రాణాలతో అదే చెరువులోకి తిరిగి వస్తోంది. బరువు తగ్గడం లేదు. ఒకే చేపను పదిమంది పడుతున్నారు. మేత ఖర్చు లేదు. ముసలి చేపలకు గిరాకీ ఎక్కువగా ఉంది. ఒక చేపకు వ్యాధి సోకితే జిగురు రాసి నయం చేసినట్టు ఉంది. ఆయన అధ్యయన బృందాన్ని వెంటబెట్టుకుని, గాలాలు, వలలు, నీటి పరీక్ష సామగ్రి సహా జీపులో దిగాడు.

హైమవతికి ఆ ఉదయం కాఫీ సహించలేదు. ఉద్యోగం పోయినా ఫరవాలేదు గానీ, వెబ్‌సైటు మూసేస్తే మళ్ళీ బీరువాలకు తాళాలు పడతాయి. రాజబాబు ఆమెకంటే భయపడి, కడుపునొప్పి అని చెప్పి ఇంటికి పోయాడు. సూర్యారావు మాత్రం ఇస్త్రీ బట్టలతో వచ్చి, ఉత్తర్వు ప్రతి చేత పట్టుకుని నిలబడ్డాడు.

చెరువు చూపించమన్నాడు విశ్వేశ్వరం. అబద్ధం ఆడటానికి నోరు రాక, ఆమె ఆయన్ను తిన్నగా కేంద్ర గ్రంథాలయానికి తీసుకువెళ్ళింది. చదువుల గది నిండా జనం. ఒక్కరూ తలెత్తలేదు. విశ్వేశ్వరం గుమ్మంలో నిలబడి ఆ వరసలన్నీ చూశాడు. బృందంలో ఒకాయన నీటిమట్టం ఎంత అని రాయాలో తెలియక కలం పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు. సూర్యారావు ముందుకొచ్చి, ఉత్తర్వునందలి తదితర అను పదమును పరిశీలించిన మీదట అంటూ మొదలుపెట్టి, అంతా విన్నవించాడు. ఎక్కడా ఏదీ దాచలేదు. దాచవలసింది ఏదైనా ఉందని కూడా ఆయనకు తోచలేదు.

విశ్వేశ్వరం ఒక బల్ల దగ్గరికి నడిచి, ఎవరో చదివి పెట్టిపోయిన లావుపాటి సముద్రయాన కథ ఒకటి తీసి, నిలబడే తెరిచాడు. రెండు పేజీల తర్వాత కుర్చీ లాక్కున్నాడు. బృందం ముందు గుమ్మంలో, తర్వాత మెట్ల మీద, ఆ తర్వాత జీపులో కూర్చుని ఎదురుచూసింది. దీపాలు వేసే వేళకు ఆయన లేచి, ఈ చేపను పరీక్ష నిమిత్తం రాజధానికి తీసుకువెళ్ళవచ్చునా అని అడిగాడు. సభ్యత్వం తీసుకుంటే ఎవరైనా తీసుకువెళ్ళవచ్చని హైమవతి చెప్పింది. తీసుకున్నాడు.

తర్వాత చాలా రోజులు ఆమె తపాలా వచ్చే వేళకు గుమ్మం వైపే చూస్తూ గడిపింది. చివరికి ప్రధాన కార్యాలయం ముద్రతో లేఖ రానే వచ్చింది. వెబ్‌సైటు మూసివేత ఉత్తర్వేమోనని భయపడుతూనే విప్పింది.

"విషయము: చేపను తిరిగి చెరువులో విడుచుటకు గడువు పొడిగింపు కోరుట గురించి. పై సూచిక యందలి చేప రెండు వందల పదో గ్రాము వద్ద అనూహ్యమైన మలుపు తిరిగినందున, ఓడ ఒడ్డు చేరినదీ లేనిదీ నిర్ధారణ కాకుండానే దానిని తిరిగి విడుచుట ప్రజాప్రయోజనం దృష్ట్యా సమంజసం కాదని భావించడమైనది. కావున మరొక వారం గడువు దయచేయగలరు. తమ జిల్లా చెరువుల నిర్వహణ యథాతథంగా కొనసాగించవలసినదిగా ఇందుమూలముగా ఆదేశించడమైనది."

కింద సంతకం పక్కన సిరాతో, చాలా చిన్న అక్షరాలతో, "కెప్టెన్ చచ్చిపోడు కదా?" అని రాసి ఉంది.

హైమవతి కంప్యూటరు తెరిచి చూసింది. ఆ చేప కోసం ఇంకెవరూ ఎదురుచూడటం లేదు. వారం రోజులు గడువు పొడిగిస్తూ జవాబు టైపు చేసింది. కెప్టెను సంగతి ఆమెకు తెలుసు. కానీ చెప్పలేదు.